కీరాకి కూడా బీపీ 121/79 చూపించింది! షుగర్ ఉన్న నాన్నకి స్మార్ట్‌వాచ్ కొనిచ్చాక నేను తెలుసుకున్నది

మామూలుగా ఇక్కడ నేను ప్రాసెసర్లు, బ్యాటరీలు, డిస్‌ప్లేల గురించి రాస్తుంటా. ఈసారి రాసేది నేను చేసిన ఒక తప్పు గురించి. ఆ తప్పు ఖరీదు సుమారు రెండున్నర వేల రూపాయలు. ఇంకాస్త ఆలస్యమైతే ఎంతయ్యేదో తలచుకోవడం నాకిష్టం లేదు.

నాన్నకి షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు, బీపీ ఆరేళ్ళు. సత్తెనపల్లిలో ఎరువుల కొట్టు. పొద్దున ఎనిమిదికి కొట్టు తెరిస్తే రాత్రి తొమ్మిదికి గానీ ఇంటికి రారు. డాక్టర్ దగ్గరికి రమ్మంటే "సీజన్ అయిపోనీరా" అంటారు. ఆ సీజన్ ఎప్పటికీ అయిపోదు. అందుకే పోయిన దసరాకి ఒక స్మార్ట్‌వాచ్ కొనిచ్చా. బాక్స్ మీద హార్ట్ రేట్, ఆక్సిజన్, బీపీ అన్నీ ఉన్నాయి. సంస్థ పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివి అదే ధరలో పదుల కొద్దీ దొరుకుతున్నాయి. అన్నిటికీ లోపల సరుకు దాదాపు ఒకటే.

నాన్నకి వాచ్ తెగ నచ్చేసింది. కొట్టుకొచ్చిన రైతులకి కూడా బీపీ చూసి చెప్పేవారట. సంక్రాంతికి వారం ముందు అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న పొద్దున మంచం దిగుతూ కళ్ళు తిరిగి తలుపు పట్టుకున్నారు. పడలేదులే. వాచ్‌లో చూస్తే బాగానే ఉంది." బీపీ ఎంత చూపించిందని అడిగా. 118/77. నిన్న? 119/78. మొన్న? 118/78.

అక్కడే నాకు తేడా కొట్టింది. సెన్సర్ డేటా చూసే అలవాటున్న ఎవరికైనా తెలుసు, నిజమైన రీడింగ్ ఇంత నీట్‌గా ఉండదు. ఇంత నీట్‌గా ఉందంటే మధ్యలో ఎవరో వండుతున్నారన్నమాట.

వాచ్‌కి నేను పెట్టిన నాలుగు పరీక్షలు

పండక్కి ఇంటికెళ్ళగానే వాచ్ తీసుకుని నేను చేసినవి ఇవీ.

1. వంటింట్లోంచి ఒక కీరా తెచ్చి దానికి వాచ్ కట్టా. హార్ట్ రేట్ 74, బీపీ 121/79. కీరా మంచి ఆరోగ్యంగా ఉంది.

2. నేను కట్టుకుని మేడమెట్లు పైకీ కిందికీ ఆరుసార్లు పరుగెత్తా. హార్ట్ రేట్ 138కి వెళ్ళింది. బీపీ మాత్రం 122/80. అంత ఆయాసంలో పై అంకె పెరగకపోవడం శరీరంలో జరిగే పని కాదు.

3. యాప్‌లో ప్రొఫైల్ మార్చా. వయసు 27 తీసేసి 70 అని పెట్టి, కదలకుండా కూర్చుని మళ్ళీ తీశా. బీపీ 131/84. మనిషి అదే, చెయ్యి అదే, రెండు నిమిషాల తేడా.

4. నాన్నకి కట్టి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి తీశా. 118/77, 119/78.

కీరాకి హార్ట్ రేట్ రావడం ఒక్కటే పెద్ద నేరం కాదు. వాచ్ వెనక ఆకుపచ్చ ఎల్‌ఈడీ వెలుగు వేసి, తిరిగొచ్చే వెలుతురులో మార్పుల్ని చదువుతుంది. చర్మమా, కూరగాయా అన్నది సరిగ్గా తేల్చుకోలేని వాచ్‌లు చాలానే ఉన్నాయి. అసలు నేరం మూడో పరీక్షలో బయటపడింది. వయసు మారిస్తే బీపీ మారిందంటే, ఆ అంకెలో కొలత కంటే ప్రొఫైల్ ఎక్కువ ఉంది. నా వయసుకి మామూలుగా ఎంత ఉండాలో అంత చూపించి, అటూ ఇటూ ఒకటి రెండు కలుపుతోంది. కోడ్ రాసేవాళ్ళకి ఇది రెండు లైన్ల పని.

ఇది కొత్త కథ కూడా కాదు. 2014లో ఆపిల్ యాప్ స్టోర్‌లోకి "ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్" అని ఒక యాప్ వచ్చింది. ఫోన్ అంచుని ఛాతీకి ఆనించి, కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్పేస్తానంది. లక్షకి పైగా అమ్ముడుపోయింది. జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 2016లో దాన్ని పరీక్షించి చూస్తే, నిజంగా బీపీ ఎక్కువున్నవాళ్ళలో నూటికి 77 మందికి పైగా "నార్మల్" అని చెప్పింది. అదే ఏడాది అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ సంస్థ మీద చర్య తీసుకుంది.

కఫ్ ఏం కొలుస్తుంది, వాచ్ ఏం ఊహిస్తుంది

చేతికి పట్టీ కట్టి గాలి నింపి బీపీ కొలిచే పద్ధతి 1896లో ఇటలీ డాక్టర్ రీవా-రోచీ మొదలుపెట్టింది. 1905లో రష్యా డాక్టర్ కొరొట్కోవ్ దానికి స్టెతస్కోప్ జోడించి, రక్తం మళ్ళీ పారడం మొదలైనప్పుడు వచ్చే చప్పుళ్ళు వినడం నేర్పారు. ఈ రోజు మనం ఇంట్లో వాడే డిజిటల్ మెషిన్ చప్పుడు వినదు. పట్టీలో గాలి తగ్గేకొద్దీ రక్తనాళం కొట్టుకోవడం వల్ల పట్టీలో వచ్చే చిన్న చిన్న కంపనాల్ని పట్టుకుంటుంది. కంపనం ఎక్కడ అన్నిటికంటే పెద్దగా ఉందో అది సగటు ఒత్తిడి. పై అంకె, కింది అంకె దాన్నుంచి అల్గారిథమ్ లెక్కేస్తుంది. అంటే ఇందులోనూ లెక్క ఉంది. కాకపోతే లెక్కకి ముందు నిజంగా రక్తనాళాన్ని నొక్కి, ఒత్తిడిని ఒత్తిడితోనే కొలిచారు.

పట్టీ లేని వాచ్ ఒత్తిడిని కొలవదు. వెలుతురులో కనిపించే నాడి అల ఆకారం, అల ప్రయాణించే వేగం చూసి, "ఇలాంటి అల ఉన్నవాళ్ళకి బీపీ ఇంత ఉండొచ్చు" అని అంచనా వేస్తుంది. నిజాయితీగా చేసే కంపెనీలు ఈ విషయం దాచవు. శామ్‌సంగ్ గెలాక్సీ వాచ్‌లో బీపీ ఫీచర్ 2020లో మొదట దక్షిణ కొరియాలో వచ్చింది. దాన్ని వాడాలంటే చేతి పట్టీ ఉన్న మామూలు మెషిన్‌తో ప్రతి 28 రోజులకోసారి క్యాలిబ్రేట్ చెయ్యాలి. అంటే వాచ్ కొన్నా మెషిన్ ఉండాల్సిందే!

ఆపిల్ ఇంకో దారి పట్టింది. 2025 సెప్టెంబర్‌లో తెచ్చిన హైపర్‌టెన్షన్ నోటిఫికేషన్ అసలు అంకే చూపించదు. 30 రోజుల డేటా చూసి, బీపీ ఎక్కువున్న లక్షణాలు కనిపిస్తే మెషిన్‌తో చూసుకోమని హెచ్చరిస్తుంది, అంతే. ఇంకో మాట, ఇప్పటికే బీపీ ఉందని తేలినవాళ్ళ కోసం ఆ ఫీచర్ కాదని ఆపిలే చెప్తోంది. కాబట్టి లక్ష పెట్టి కొన్నా మా నాన్నకి ఆ ఫీచర్ పనికిరాదు.

గాలి నిండే పట్టీని వాచ్ బెల్ట్‌లోనే పెట్టినవి కూడా ఉన్నాయి. ఒమ్రాన్ హార్ట్‌గైడ్, హువావే వాచ్ డీ ఆ రకం. అవి ఊహించవు, మణికట్టుని నొక్కి కొలుస్తాయి. కాకపోతే చెయ్యి గుండె ఎత్తులో పట్టుకోకపోతే అంకె తప్పుతుంది. పది సెంటీమీటర్లు కిందికి దిగితే సుమారు ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది. ఇది సింపుల్ ఫిజిక్స్, ఇంటర్‌లో చదివిన ద్రవపీడనమే.

యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 మార్గదర్శకాల్లో పట్టీ లేని పరికరాల్ని బీపీ నిర్ధారణకి గానీ మందుల నిర్ణయానికి గానీ వాడొద్దని చెప్పింది. వాచ్ రివ్యూల్లో ఈ లైన్ మనం రాయం. నేనూ ఇంతకు ముందు రాయలేదు.

షుగర్ ఉంటే బీపీ ఎందుకు ఊగుతుంది

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు సుమారు 10.1 కోట్లు. పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి పైగా బీపీ ఉంది. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం మామూలే. షుగర్ ఉన్నవాళ్ళకి గుండెజబ్బు, పక్షవాతం ప్రమాదం లేనివాళ్ళకంటే దాదాపు రెండింతలు. బీపీ కలిస్తే ఇంకా పెరుగుతుంది.

మన శరీరంలో బీపీకి ఒక ఫీడ్‌బ్యాక్ లూప్ ఉంది. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో, గుండె పైన మహాధమనిలో ఒత్తిడిని పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి జారుతుంది. ఆ సెన్సర్లు పట్టుకుని మెదడుకి చెప్తాయి. గుండె కాస్త వేగం పెంచుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి. ఇదంతా కొన్ని సెకన్లలో అయిపోతుంది, మనకి తెలియను కూడా తెలియదు.

ఈ లూప్‌కి తీగలు నరాలే. ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువుంటే పాదాల నరాలు మొద్దుబారినట్టే ఈ నరాలూ దెబ్బతింటాయి. అప్పుడు ఏం జరుగుతుందంటే:

- లేచి నిలబడితే బీపీ పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి. పడుకుంటే మాత్రం ఎక్కువుంటుంది.
- రాత్రి నిద్రలో మామూలుగా బీపీ 10 నుంచి 20 శాతం తగ్గాలి. కొందరిలో అది తగ్గదు. గుండెకి విశ్రాంతి దొరకదు.
- కడుపునిండా భోజనం చేశాక, ముఖ్యంగా అన్నం ఎక్కువ తిన్నాక, రక్తం పొట్ట వైపు మళ్ళి బీపీ తగ్గొచ్చు.
- ఊరికే కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకోవచ్చు. నిమిషానికి ఎప్పుడు చూసినా ఒకే వేగంలో ఉండిపోవచ్చు.
- గుండెపోటు వచ్చినా ఛాతీలో నొప్పి తెలియకపోవచ్చు. చెమటలు, ఆయాసం, విపరీతమైన నీరసం, అంతే.

వీటితో పాటు రక్తనాళాలు గట్టిపడటం, మూత్రపిండాలు దెబ్బతినడం బీపీని పైకి నెడతాయి. షుగర్ బాగా పెరిగి మూత్రం ఎక్కువ పోతే ఒంట్లో నీళ్ళు తగ్గి బీపీ పడొచ్చు. షుగర్ బాగా తగ్గితే ఎడ్రినలిన్ ఎగదన్ని గుండె దడ, పై అంకె పెరగడం జరగొచ్చు. అంటే షుగర్ ఉన్న మనిషికి బీపీ ఒక అంకె కాదు, రోజంతా కదిలే గ్రాఫ్.

సగటు బాగుంటే చాలా?

సర్వర్లతో పని చేసేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. డాష్‌బోర్డ్‌లో సగటు రెస్పాన్స్ టైమ్ బాగుంటుంది, కానీ నూటికి ఒక రిక్వెస్ట్ పది సెకన్లు తీసుకుంటుంది. యూజర్ తిట్టేది ఆ ఒక్కదానికే. సిస్టమ్ కూలేదీ అక్కడే. అందుకే మేం సగటుతో పాటు అంకెలు ఎంత చెదిరాయో కూడా చూస్తాం.

బీపీలో కూడా ఇదే ప్రశ్న డాక్టర్లు అడిగారు. 2010లో లాన్సెట్ పత్రికలో పీటర్ రోత్‌వెల్ బృందం ఒక విశ్లేషణ వేసింది. ఒకసారి చూపించుకున్నప్పటికీ ఇంకోసారికీ పై అంకె ఎక్కువగా మారేవాళ్ళకి, సగటు ఎంతున్నా సరే, పక్షవాతం ప్రమాదం ఎక్కువని తేలింది. టైప్ 2 షుగర్ ఉన్న 11,140 మందితో జరిగిన అడ్వాన్స్ ట్రయల్ డేటాని 2013లో ఇదే కోణంలో చూశారు. బీపీ ఎక్కువ ఊగినవాళ్ళలో గుండె, మెదడుకి సంబంధించిన ప్రమాదాలు, మూత్రపిండం, కన్ను దెబ్బతినడం ఎక్కువగా కనిపించాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఊగడమే జబ్బుకి కారణమా, లేక లోపల రక్తనాళాలు పాడైనందుకు అది గుర్తా అన్నది వేరే సంగతి. ఇంత దాటితే ప్రమాదం అని అందరూ ఒప్పుకున్న గీత కూడా లేదు. అలాగని సగటు ముఖ్యం కాదని కాదు. బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ 1998లో చూపించింది ఏంటంటే, షుగర్ ఉన్నవాళ్ళలో బీపీ సగటు 154/87 ఉన్న గుంపు కంటే, 144/82కి అదుపు చేసిన గుంపులో పక్షవాతాలు 44 శాతం తగ్గాయి. 2024లో చైనా నుంచి వచ్చిన బీపీరోడ్ ట్రయల్‌లో 12,821 మందిని తీసుకున్నారు. పై అంకె 120 కంటే తక్కువ లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో, 140 లక్ష్యంగా ఉన్నవాళ్ళకంటే గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు ఐదో వంతు తగ్గాయి. కాకపోతే బాగా దించితే కొందరికి లో బీపీ ఇబ్బంది కూడా వస్తుంది. కాబట్టి మన ఇంట్లో మనిషికి ఎంత లక్ష్యం అన్నది డాక్టర్ చెప్పాలి, యాప్ కాదు.

నాన్న గ్రాఫ్ చెప్పిన రహస్యం

పండగ మూడోరోజు గుంటూరు నుంచి చేతి పట్టీ మెషిన్ తెచ్చా, రెండు వేల లోపే అయింది. అమ్మ కుట్టుమిషన్ టేపుతో నాన్న చెయ్యి కొలిచి, సరిపోయే పట్టీ ఉన్నదే తీసుకున్నా. ఏడు రోజులు పొద్దున బిళ్ళ వేసుకోకముందు తీయమన్నా. అమ్మ అంకెలు వాట్సాప్‌లో పంపేది, నేను షీట్‌లో ఎక్కించేవాణ్ణి. పై అంకెలు ఇవీ:

152, 128, 161, 134, 156, 126, 158

సగటు 145. స్టాండర్డ్ డీవియేషన్ 15. గ్రాఫ్ గీసి చూశా. రంపం పళ్ళలా ఉంది. ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి, మళ్ళీ పైకి. నరాల సమస్య అయినా, టెన్షన్ అయినా ఇంత క్రమంగా, సరిగ్గా రెండు రోజులకోసారి రాదు. ప్రొడక్షన్‌లో ఇలాంటి గ్రాఫ్ కనిపిస్తే మేం వెతికేది ఒకటే, రోజు మార్చి రోజు నడిచే పని ఏదో ఉంది.

ఫోన్ చేసి అడిగా. "నాన్నా, బీపీ బిళ్ళ రోజూ వేసుకుంటున్నారా?"

కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "ఒరేయ్, వాచ్‌లో రోజూ 118 చూపిస్తుంటే రోజూ బిళ్ళ ఎందుకురా? రోజు విడిచి రోజు వేసుకుంటున్నా. కిడ్నీలు పాడవుతాయంటారు కదా, ఊరికే ఎందుకని."

ఎప్పటి నుంచి? దసరా నుంచి.

నాకు నోట మాట రాలేదు. మూడు నెలలు. వాచ్ అబద్ధం చెప్పింది, నిజమే. కానీ ఆ అబద్ధాన్ని గిఫ్ట్ ప్యాక్ చేసి ఇంటికి పంపింది నేను. "నాన్నా, ఇందులో బీపీ కూడా చూసుకోవచ్చు" అని కాన్ఫిగర్ చేసి ఇచ్చింది నేను. టెక్నాలజీ తెలిసిన కొడుకు ఇచ్చాడు కాబట్టే ఆయన డాక్టర్ మాట కంటే దాన్ని ఎక్కువ నమ్మారు. ఇంకో విషాదం చూడండి, కిడ్నీలు పాడవుతాయని ఆయన భయపడ్డారు. కానీ షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీల్ని ఎక్కువగా పాడుచేసేది అదుపులో లేని షుగర్, బీపీలే.

నిలబడి తీసే టెస్ట్

సరే, బిళ్ళ సంగతి తేలింది. మరి పొద్దున కళ్ళు తిరగడం? గ్రాఫ్‌తో పాటు ఇది కూడా డాక్టర్‌కి చెప్పాలనుకుని, వెళ్ళేముందు ఇంట్లో ఇంకో టెస్ట్ చేశాం. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డ ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ. అమ్మ పక్కనే పట్టుకుని నిలబడింది. ఇది ఒంటరిగా మాత్రం చెయ్యొద్దు.

పడుకుని: 156/84, గుండె వేగం 78
నిలబడి ఒక నిమిషానికి: 128/74, గుండె వేగం 81
నిలబడి మూడు నిమిషాలకి: 132/76, గుండె వేగం 80

నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడితే దాన్ని ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. నాన్నకి 28 పడింది. అంత పడినా గుండె వేగం మూడే పెరిగింది. ఆ మూడే డాక్టర్‌ని ఆపింది. ఒంట్లో నీళ్ళు తగ్గి బీపీ పడితే గుండె బాగా వేగం పెంచి సర్దుకోవాలి, పెంచలేదంటే నరాల లూప్ దెబ్బతిని ఉండొచ్చు అన్నారు. ఈసీజీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, పాదాల స్పర్శ పరీక్ష చేయించారు. 24 గంటలు చేతికి కట్టుకునే బీపీ మెషిన్ పెట్టారు. పగలు, రాత్రి దానంతటదే గాలి నింపుకుని తీస్తుంది. నిద్రలో నాన్న బీపీ తగ్గడం లేదని అందులో తేలింది. మూత్రంలో ఆల్బుమిన్ కాస్త ఉంది. గుండె మటుకు ప్రస్తుతానికి బాగుందన్నారు.

మందులు మార్చారు. ఏది మార్చారో కావాలనే రాయడం లేదు. చదివి ఎవరైనా తమ ఇంట్లో మార్చేస్తారని భయం. పొద్దున మంచం మీద నుంచి ఒక్కసారిగా లేవొద్దని, కాళ్ళు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని లేవమని చెప్పారు. ఆవకాయ మీద కూడా కత్తెర పడింది. అది విన్నప్పుడు నాన్న మొహం చూడాలి!

రెండు నెలల తర్వాత ఇంకో ఏడు రోజుల అంకెలు: 133, 124, 138, 129, 122, 136, 128. సగటు 130, స్టాండర్డ్ డీవియేషన్ 6. రంపం పళ్ళు పోయాయి. కళ్ళు తిరగడం బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. పోతుందని డాక్టర్ మాట కూడా ఇవ్వలేదు.

ఇంటికి మెషిన్ కొనేముందు

- మణికట్టుది కాదు, భుజం కింద కట్టే పట్టీ ఉన్నది తీసుకోండి.
- అది పరీక్ష పాసయిందో లేదో చూడండి. ప్రస్తుత అంతర్జాతీయ ప్రమాణంలో కనీసం 85 మంది మీద పరీక్షించి, సగటు తప్పు 5 పాయింట్ల లోపు, చెదురు 8 పాయింట్ల లోపు ఉండాలి. పాసైన మోడళ్ళ జాబితా స్ట్రైడ్ బీపీ సైట్‌లో ఉచితంగా ఉంది. బ్రాండ్ పేరు కాదు, మోడల్ నంబర్ వెతకండి.
- చెయ్యి చుట్టుకొలత కొలిచాకే పట్టీ సైజు తీసుకోండి. 2023లో వచ్చిన ఒక పరిశోధనలో, బాగా పెద్ద పట్టీ కావాల్సినవాళ్ళకి మామూలు పట్టీ కడితే పై అంకె దాదాపు 20 పాయింట్లు ఎక్కువ చూపించింది.
- గుండె లయ తప్పే సమస్య ఉంటే ఈ మెషిన్ల అంకె తడబడొచ్చు. డాక్టర్‌ని అడిగి తీసుకోండి.
- బ్లూటూత్ ఉంటే సౌకర్యం, లేకపోతే నష్టం లేదు. మా ఇంట్లో బ్లూటూత్ అమ్మే.

తీసే పద్ధతి

అరగంట ముందు టీ, కాఫీ, సిగరెట్ వద్దు. మూత్రానికి వెళ్ళొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వెయ్యకూడదు. చెయ్యి టేబుల్ మీద, పట్టీ గుండె ఎత్తులో. చెయ్యి ఊరికే కిందికి వేలాడేస్తే పై అంకె ఆరేడు పాయింట్లు పెరుగుతుందని 2024లో ఒక పరిశోధన లెక్కకట్టింది. తీస్తున్నంతసేపు మాట్లాడకూడదు, రీల్స్ చూడకూడదు. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం గ్యాప్. ఏడు రోజులు తీసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు చూస్తారు. ఇంట్లో 135/85, ఆపైన ఉంటే బీపీ ఎక్కువున్నట్టే లెక్క. షుగర్ ఉన్నవాళ్ళకి లక్ష్యం సాధారణంగా 130/80 లోపు.

అన్నిటికంటే ముఖ్యం, నచ్చిన అంకె వచ్చేదాకా తీయకండి. వచ్చింది వచ్చినట్టు రాయండి.

మరి వాచ్ ఎందుకూ పనికిరాదా?

పనికొస్తుంది, దాని పని దానికిస్తే. కూర్చున్నప్పుడు గుండె వేగం ఎంత, రోజుకి ఎంత నడిచారు, ఎంతసేపు నిద్రపోయారు, వీటిలో మంచి వాచ్‌లు బాగానే చెప్తాయి. ఈసీజీ ఉన్నవి గుండె లయ తప్పడాన్ని పట్టుకోగలవు. కానీ గుండెపోటుని పట్టుకోలేవు, ఆ మాట ఆపిల్ కూడా చెప్తుంది. సూది గుచ్చకుండా షుగర్ చెప్తామనే వాచ్‌లు, ఉంగరాల జోలికి అసలు వెళ్ళకండి. వాటిలో దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో బహిరంగంగా హెచ్చరించింది. చర్మం కింద సన్నని సెన్సర్ ఉండే సీజీఎం వేరు, అది నిజమైన కొలత.

ఛాతీ బరువు, ఆయాసం, చల్లటి చెమటలు, మూతి వంకర, మాట తడబడటం, ఒక చెయ్యి లేవకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఏ గ్యాడ్జెట్ అంకె కోసమూ చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి. బీపీ 180/120 దాటి వీటిలో ఏదైనా ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

వెర్డిక్ట్

నాన్న ఆ వాచ్ ఇప్పటికీ కట్టుకుంటారు. బీపీ స్క్రీన్ మాత్రం తీసేశా. అడుగులు చూసుకుని సంబరపడతారు. మెషిన్ కొట్టు గల్లాపెట్టె పక్కన కాదు, ఇంట్లో భోజనాల బల్ల మీదే ఉంటుంది. మొన్న ఒక రైతు వచ్చి "అయ్యా, వాచ్‌తో బీపీ చూడండి" అంటే, "అది కీరాకి కూడా చూపిస్తది, నువ్వు పీహెచ్‌సీకి పో" అన్నారట.

మీ ఇంట్లో ఎవరికైనా మీరు వాచ్ కొనిచ్చి ఉంటే ఈ ఆదివారం ఒక ఫోన్ చెయ్యండి. బీపీ ఎంతుందని కాదు, బిళ్ళలు రోజూ వేసుకుంటున్నారా అని అడగండి.